పాత పతకాలు అమ్మే ముందు అంచు చూడండి



ఈ మధ్య మన గ్రూపులో పాత యుద్ధ పతకాల ఫొటోలు ఎక్కువయ్యాయి. జర్మన్ శిలువ పతకం ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారని ఒకరు పెడతారు. తాతగారి పెట్టెలో దొరికిన బిళ్లకి ఎంత వస్తుందని ఇంకొకరు అడుగుతారు. ఇద్దరికీ వస్తున్న సలహా ఒక్కటే: "కంసాలి దగ్గర గీటు పెట్టించండి." ఈ సలహా వినవద్దని చెప్పడానికే ఈ పోస్టు.

హట్టి గనులున్న తాలూకా మనది. గీటురాయి గురించి మనకు ఒకరు నేర్పక్కర్లేదు. కానీ అది లోహం సంగతి చెబుతుంది, పతకం సంగతి చెప్పదు.

ముందు జర్మన్ మోజు సంగతి. తమిళ బడిలో చదివిన మాకు గడుసువాణ్ణి 'ఎమ్డెన్' అనడం అలవాటు. 1914 సెప్టెంబరు 22న మద్రాసు మీద గుళ్లు కురిపించిన జర్మన్ ఓడ పేరది. ఆ కాలపు ఐరన్ క్రాస్ రెండో తరగతి పతకానికి నడుమ ఇనుము, చుట్టూ వెండి చట్రం. మామూలుగా అయస్కాంతానికి అంటుకోవాలి. మొత్తం ఒకే ముక్కగా పోత పోసి నల్లరంగు పూస్తే అనుమానించండి. అంటుకున్నంత మాత్రాన అసలుదైపోదు, ఇనుముతో కూడా నకళ్లు చేస్తారు.

మన ఇళ్లలో దొరికేవి ఎక్కువగా బ్రిటిష్‌వి. లింగసుగూరు ఒకప్పుడు హైదరాబాద్ కంటింజెంట్ దండు దిగిన ఊరు. 1903లో ఆ పటాలాలు ఇండియన్ ఆర్మీలో కలిశాయి. వాటిలోంచి వచ్చిన 20వ డెక్కన్ హార్స్ 1916లో ఫ్రాన్సులో, సోమ్ యుద్ధంలో గుర్రాల మీద జర్మన్ల పైకి వెళ్లింది. ఆ యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ 36 మిల్లీమీటర్ల వెండి బిళ్ల. ఒకవైపు ఐదో జార్జి. రెండోవైపు గుర్రపు రౌతు, గుర్రం కాళ్ల కింద జర్మన్ గద్ద ఉన్న డాలు. ఇదే పతకాన్ని లేబర్ కోర్ కూలీలకు కంచులో ఇచ్చారు. గీటు పెడితే ఆ కూలీ పతకం నకిలీ అయిపోతుంది, మంచి వెండితో పోసిన నకలు అసలుదైపోతుంది!

చూడవలసింది అంచు. నంబరు, హోదా, పేరు, పటాలం అక్కడ గుద్ది ఉంటాయి. అట్ట టికెట్ల మీద మిషన్‌తో తేదీ గుద్దినవాళ్లం మేము. గుద్దిన అక్షరం వేలికి తగులుతుంది, మొనలు తేటగా ఉంటాయి. పోతలో అక్షరాలు మొద్దుబారతాయి, సూదిమొనంత గుంటలు పడతాయి, అంచు చుట్టూ అతుకు గీత కనిపించవచ్చు. పాత పేరు అరగదీసి కొత్తది వేస్తే బిళ్ల కొలత తగ్గుతుంది. నోట్లు పరీక్షించే నీలి టార్చి రిబ్బను మీద వేయండి. తెల్లగా వెలిగితే అది తర్వాతి కాలపు రిబ్బను. కానీ రిబ్బను మార్చి ఉండవచ్చు, దానికోసం పతకాన్ని పారేయకండి. రెండో యుద్ధపు పతకాల్లో పేరు లేనివి చాలా ఉన్నాయి, అవీ నకిలీలు కావు.

చింతపండు పెట్టి మాత్రం తోమకండి. తోమినకొద్దీ అక్షరం అరుగుతుంది.

"పెట్టెలో పడి ఉన్న బిళ్ల, వెండి ధర వస్తే చాలదా?" అంటారు. చాలదు. ఫొటో కూడా లేని ఇంట్లో, ఆ మనిషి సముద్రం దాటి వెళ్లాడనడానికి ఆ అంచు మీది పేరే దస్తావేజు. కరిగిస్తే వెండి మిగులుతుంది, పేరు మిగలదు. నకలు కొనుక్కుని గోడకు తగిలించుకోవడంలో తప్పు లేదు. నకలని చెప్పి అమ్మాలి, నకలని తెలిసి కొనాలి, అంతే.

మన సంఘం ఒక రిజిస్టరు పెట్టాలని మా మాట. ఏ ఇంట్లో ఏ పతకం ఉంది, అంచు మీద ఏముంది, ఆయన ఎవరికి ఏమవుతారు అన్నది అందులో రాద్దాం. పతకం మీ ఇంట్లోనే ఉండనీయండి. వచ్చే సమావేశానికి రెండు వైపులా ఒక్కో ఫొటో, అంచుకి చుట్టూ నాలుగు ఫొటోలు తీసి తెండి. రాసే పని మేము చూసుకుంటాం.