మీరు రాయనిది పైలట్‌కు తెలియదు

పవర్ బ్యాంకుల మీద విమాన సంస్థలు కట్టడి పెంచుతున్నాయి. 2025 అక్టోబర్ 1 నుంచి ఎమిరేట్స్ విమానాల్లో ఒక్కరికి ఒక్క పవర్ బ్యాంకే, అదీ 100 వాట్ అవర్ లోపుది. లోపల కూర్చున్నాక దాన్ని వాడకూడదు. అదే ఏడాది జనవరి 28న దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం ఒకటి ఎగరకముందే తగలబడింది. జనమంతా బయటపడ్డారు. పవర్ బ్యాంకు నుంచే మంట పుట్టి ఉండొచ్చని అక్కడి దర్యాప్తు అధికారులు చెప్పారు.

"అది ప్రయాణికుల సంగతి, నేను పెట్టె కార్గోలో వేస్తున్నా, నాకేంటి?" అనుకోకండి. సీట్ల దగ్గర పొగ వస్తే కంటికి కనపడుతుంది, సిబ్బంది పరిగెత్తుకొస్తారు. కింద కార్గోలో అంటుకుంటే చూసే మనిషి ఉండడు. అలారం మోగుతుంది గానీ, కాలేది ఏమిటో అది చెప్పదు.

చెప్పేది ఒక్క కాగితమే. దాన్ని నోటాక్ అంటారు, అంటే కెప్టెన్‌కు ఇచ్చే సమాచార పత్రం. విమానంలో ప్రమాదకరమైన సరుకు ఏముంది, ఎంత ఉంది, ఎక్కడ పెట్టారు అన్నది అందులో ఉంటుంది. విమానం బయలుదేరకముందే అది కెప్టెన్ చేతికి అందాలని అంతర్జాతీయ నియమం. ఆపద వస్తే ఏం చెయ్యాలో, కింద ఫైరింజన్ వాళ్లకు ఏం చెప్పాలో పైలట్ దాన్ని చూసే తేల్చుకోవాలి. అయితే ఆ కాగితంలోకి వచ్చేది సరుకు పంపినవాళ్లు రాసిచ్చిందే. వాళ్లు దాచింది అందులో ఉండదు.

దాస్తే ఏమవుతుందో మన పక్కనే దుబాయ్‌లో చూశాం. 2010 సెప్టెంబర్ 3న యూపీఎస్ కార్గో విమానం అక్కణ్నుంచి జర్మనీలోని కొలోన్‌కు బయలుదేరింది. ఇరవై నిమిషాలు దాటగానే మంట హెచ్చరిక వచ్చింది. వెనక్కి తిప్పారు. కాక్‌పిట్ నిండా పొగ, ఎదురుగా ఉన్న మీటర్లు కూడా కనపడలేదు. విమానం దుబాయ్‌లోనే కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. అందులో లిథియం బ్యాటరీలు భారీగా ఉన్నాయి. వాటిలో కనీసం మూడు సరుకుల్ని ప్రమాదకరమైనవిగా ప్రకటించాల్సి ఉన్నా ప్రకటించలేదని దర్యాప్తులో తేలింది.

విమానంలో మంటలార్పే గ్యాస్‌కు ఈ బ్యాటరీ మంట లొంగదు. అందుకే 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో విడి లిథియం అయాన్ బ్యాటరీలను కార్గోగా వెయ్యడం నిషేధించారు.

ఇక మన సంగతి. అల్ అమెరాత్‌లో రూముల్లో పెట్టెలు కట్టేటప్పుడు కాగితం మీద "పాత బట్టలు, ఇంటి సామాను" అని రాస్తారు. లోపల పవర్ బ్యాంకు, ఎమర్జెన్సీ లైటు, సెంటు సీసాలు, బాడీ స్ప్రేలు, లైటర్లు ఉంటాయి. ఫారం ఇంగ్లిష్‌లోనో అరబ్బీలోనో ఉంటుంది. "ఇక్కడ సంతకం పెట్టు భాయ్" అంటే పెట్టేస్తాం. కానీ సంతకం మీదే, రేపు అడిగేదీ మిమ్మల్నే.

అందుకని ఇవి గుర్తుపెట్టుకోండి:

- పెట్టె విమానంలో పోతుందా, ఓడలోనా అని ముందే అడగండి.
- పవర్ బ్యాంకు కార్గోలో వద్దు, చెకిన్ బ్యాగులోనూ వద్దు. చేతి సంచిలోనే ఉంచండి. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్ అవర్.
- వెంట వచ్చే బ్యాగుకు ఒక నియమం, మీరు లేకుండా పోయే కార్గోకు ఇంకో నియమం. సెంటు చెకిన్ బ్యాగులో సీసాకు అర లీటరు మించకుండా, సబ్బుల్లాంటి సామానుతో కలిపి రెండు లీటర్ల వరకు అనుమతిస్తారు. కార్గోలో అదే సెంటు మండే సరుకు, చెప్పకుండా వెయ్యకూడదు.
- వేరేవాళ్ల పార్సిల్ మీ పేరు మీద పంపాలంటే విప్పి చూశాకే ఒప్పుకోండి.
- గోదాములో లోడింగ్ చేసేవాళ్లు, పెట్టె వేడిగా ఉన్నా, కారుతున్నా, ఘాటు వాసన వచ్చినా ఎత్తకుండా సూపర్‌వైజర్‌కు చెప్పండి.

తప్పంతా కార్మికుడిదే అనడం లేదు. ఏవి వెయ్యకూడదో తెలుగు, హిందీ, బెంగాలీ భాషల్లో బోర్డు పెట్టడం కార్గో ఆఫీసుల పని. ప్రతి పెట్టెకూ నోటితో అడిగి రాసుకోవడం కూడా వాళ్ల పనే. అలా అడగకపోతే మీరే చెప్పండి, ఫారంలో రాయించండి. మస్కట్ నుంచి హైదరాబాద్ వెళ్లే విమానంలో ఆ పెట్టెల పైన సీట్లలో కూర్చునేది మన పిల్లాపాపలే.