ఎనిమిది జీబీకి ఎన్నాళ్ళు కప్పం కట్టాలి?

"కంప్యూటర్ ఉంది కదా, ఇంకా ఏం కావాలి?" అని ఇంట్లో అడుగుతారు. గ్రాఫిక్స్ కార్డు అనగానే "ఆటలకేగా!" అని మాట తుంచేస్తారు. ఆ ఒక్క మాటతో అసలు ప్రశ్న పక్కకు పోతోంది. కంప్యూటర్‌లో వేసే ఒక్క భాగానికి, మిగిలిన కంప్యూటర్ మొత్తానికి అయినంత ఖర్చు ఎందుకు అవుతోంది? ఈ ధర న్యాయమేనా? కాదు అంటాను నేను. ఎందుకు కాదో లెక్కలతోనే చెబుతాను.

ముందు ఆ కార్డు చేసే పని చూద్దాం. మామూలు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. అంటే 20 లక్షలకు పైనే. ప్రతి చుక్కకూ ఏ రంగు వేయాలో లెక్క కట్టాలి, అదీ సెకనుకు 60 సార్లు. ప్రాసెసర్ నలుగురైదుగురు నేర్పరి మేస్త్రీల లాంటిది. గ్రాఫిక్స్ కార్డు వేలమంది కూలీలు ఒకేసారి పనిలోకి దిగినట్టు. కార్డు మీద ఉండే మెమరీ వాళ్ళు పని చేసే బల్ల. బల్ల ఇరుకైతే ఎంతమంది కూలీలున్నా సామాను పట్టదు, పని ఆగుతుంది. ఆటలకే కాదు, వీడియో ఎడిటింగుకూ, త్రీడీ బొమ్మలకూ, యానిమేషన్‌కూ ఈ బల్లే ఆధారం.

ఇక ధరల సంగతి. 2016లో ఏఎండీ కంపెనీ ఆర్ఎక్స్ 480 అనే కార్డు తెచ్చింది. 8 జీబీ మెమరీ ఉన్నదాని ధర 239 డాలర్లు. అప్పటి మారకంలో సుమారు 16 వేల రూపాయలు. తొమ్మిదేళ్ళ తర్వాత, 2025లో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ తెచ్చింది. అందులోనూ అదే 8 జీబీ రకం ఒకటి ఉంది. ధర 379 డాలర్లు. డాలరు 85 రూపాయలు అనుకుంటే 32 వేలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 38 వేలు. కొత్త కార్డు వేగం చాలా ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ బల్ల అదే సైజు, దాని మీద పరవాల్సిన సామాను మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది.

"తయారీ ఖర్చు పెరిగింది బాబూ" అంటారు. పెరిగింది, నిజమే. మరి దీనికి జవాబు చెప్పండి. 2023లో ఆర్‌టీఎక్స్ 4060 టీఐ 8 జీబీ అయితే 399 డాలర్లు, 16 జీబీ అయితే 499. అంటే అదనపు 8 జీబీకి 100 డాలర్లు. 2025లో 5060 టీఐలో అదే అదనపు 8 జీబీకి 50 డాలర్లే, అదీ ఇంకా కొత్త రకం మెమరీకి. ఖర్చును బట్టే ధర వేస్తే రెండేళ్ళలో ఇది సగం ఎలా అయింది? ఆ 100 డాలర్లు ఖర్చు కాదు, మన అవసరం మీద వేసిన కప్పం.

ఇంకో చోద్యం. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ ఉంది. 2023లో దాని తర్వాతి తరం అని తెచ్చిన 4060కి 8 జీబీనే ఇచ్చారు. ధర 30 డాలర్లు తగ్గించి మెమరీ 4 జీబీ కోసేశారు. పెట్టె మీద అంకె మాత్రం పెద్దదైంది. అంకె పెరిగితే వస్తువు అన్ని విధాలా పెరిగిందని నమ్మేవాళ్ళం మనమే కదా!

పైగా కొత్త కార్డు ఒంటరిగా ఇంటికి రాదు. 4060కి 550 వాట్ల పవర్ సప్లయ్ ఉండాలని కంపెనీయే చెబుతుంది. తక్కువ ధరలో కట్టించిన మన డెస్క్‌టాప్‌లలో అంత ఉండదు. చిన్న క్యాబినెట్ అయితే కార్డు పట్టదు. 2024 డిసెంబరులో ఇంటెల్ 12 జీబీ ఉన్న ఆర్క్ బి580ని 249 డాలర్లకే తెచ్చింది, మెచ్చుకోవాలి. కానీ మదర్‌బోర్డు పాతదైతే దాని వేగం బాగా పడిపోతుంది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అన్నట్టుంది మా పరిస్థితి.

ప్రభుత్వానికీ ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటు పుస్తకాలకూ పెన్సిళ్ళకూ జీఎస్టీ లేదు. మంచి పని. కానీ ఈ కాలంలో బొమ్మ గీసేవాడి పెన్సిల్ కంప్యూటర్ కూడా. దాని భాగాల మీద 18 శాతం అలాగే ఉంది. విద్యార్థి చేతికొచ్చే పనిముట్టు మీద ఆ భారం తగ్గించకూడదా?

మిత్రులారా, "మనం అంటే వాళ్ళు వింటారా?" అనకండి. విన్నారు. 2022లో ఎన్‌విడియా 4080 పేరుతో రెండు కార్డులు ప్రకటించింది. 12 జీబీది నిజానికి తక్కువ స్థాయి చిప్, ధర 899 డాలర్లు. కొనేవాళ్ళు ఊరుకోలేదు, పేరుతో మోసమా అని గొడవ చేశారు. అక్టోబరులో కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. 2023 జనవరిలో అదే కార్డు 4070 టీఐ పేరుతో 799 డాలర్లకు వచ్చింది. నోరు తెరిస్తే 100 డాలర్లు తగ్గింది! నోరు మూసుకుని ఈఎంఐలో కొనేవాడి వల్ల మాత్రం ఏదీ తగ్గదు. కాబట్టి పెట్టె మీద అంకె చూడకండి, మెమరీ చూడండి. మా చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ కార్డులు దొరుకుతాయి. కొనేముందు బిల్లు, వారంటీ అడగండి, ఎదురుగా పెట్టి నడిపి చూపించమనండి. క్రిప్టో మైనింగులో రాత్రింబగళ్ళు అరిగినవి వాటిలో ఉండొచ్చు. స్నేహితుడి దగ్గర కార్డు లేదని ఎగతాళి చేయడం మాత్రం మానండి. కంపెనీకి ఉచితంగా ప్రచారం చేసిపెట్టేది ఆ ఎగతాళే.

అమ్మానాన్నలకు ఒక విన్నపం. క్రికెట్ బ్యాటు కొనిస్తే "ఆటకేగా" అని ఎవరూ చిన్నచూపు చూడరు. ఇంట్లో డబ్బు లేకపోతే లేదని చెప్పండి, మాకు అర్థమవుతుంది. "అది పనికిమాలినది" అనకండి. బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. నేర్చుకోవాలన్న కోరికా ఉచితమే. మధ్యలో అడ్డం పడుతున్నది ఈ ఒక్క కార్డు. తెలుగులో పిల్లలకు మంచి కార్టూన్లు లేవని పెద్దలు బాధపడతారు. చేయాలనుకునేవాళ్ళకు పనిముట్టు అందకపోతే అవి ఎక్కణ్ణుంచి వస్తాయి?

అయ్యవార్లకూ అమ్మగార్లకూ చివరిగా. ఇంటికొక కార్డు కావాలని నేను అడగడం లేదు. బడికి ఒక్కటి చాలు. కంప్యూటర్ గదిలో ఒక్క యంత్రానికి 12 జీబీ కార్డు వేయిస్తే వారానికి గంట చొప్పున ఎందరో నేర్చుకోవచ్చు. గ్రంథాలయం పుట్టింది కూడా అందుకే కదా, పుస్తకం కొనలేనివాడు చదువుకోవడానికి. వార్షికోత్సవం షీల్డుల ఖర్చులో కొంత తగ్గించి, పూర్వ విద్యార్థులను నాలుగు మాటలు అడిగితే ఇది అయ్యే పనే. కంపెనీలు ధర తగ్గించేదాకా ఆగితే మా పదో తరగతి కాదు, కాలేజీ కూడా అయిపోతుంది. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో దీన్ని చర్చకు పెట్టండి.