పెళుసు, భంగురము, దుర్బలము

‘ఫ్రాజైల్’ అను ఆంగ్లపదమునకు తెలుగు పాఠశాలలలో తరచుగా ఒకే అర్థము చెప్పుదురు: పెళుసైనది. గాజుగ్లాసునకు నదే, వృద్ధుని దేహమునకు నదే, దేశపు ఆర్థికస్థితికి నదే. అర్థము తప్పు కాదు, చాలదు.

ఆ పదమునకు మూలము ‘విరుగగొట్టు’ అను అర్థముగల లాటిను ధాతువు. ఫ్రాక్చరు, ఫ్రాక్షను దాని సంతతియే. (లెక్కల పుస్తకములోని ‘భిన్నము’నకును విరిగినదనియే అర్థమని ఎందఱు విద్యార్థులకు చెప్పుచున్నారో!) ఆ లాటిను పదమే ఫ్రెంచివారి నోట నలిగి, మొదట ‘ఫ్రెయిల్’ అను రూపమున ఆంగ్లమున ప్రవేశించినది, ‘ఫ్రాజైల్’ పిమ్మట వచ్చినది. ఒకతల్లి బిడ్డలే గాని నడతలు వేరు. ఫ్రెయిల్ ఎక్కువగా మనుష్యుల నాశ్రయించినది. తల్లి తొందరపడి మరల పెండ్లాడినందుకు హామ్లెటు వాపోవునప్పుడు షేక్స్‌పియరు వాడిన ‘ఫ్రెయిల్టీ’ మనోదౌర్బల్యమే. దానిని పెళుసుదనమనినచో ఆ ఘట్టమే బోధపడదు. 2001లో అమెరికా వైద్యపరిశోధకులు వార్ధక్యమున ఫ్రెయిల్టీకి ఐదు గుర్తులు నిర్ణయించిరి: తలపెట్టకయే బరువు తగ్గుట, అలసట, పిడికిటిపట్టు సడలుట, నడక మందగించుట, పనిపాటలు తగ్గుట. మూడున్న చాలును. ఇందులో విరుగుట ఎక్కడ? ఇది క్రమముగా వడలుట. దుర్బలమనుటయే తగును.

పెళుసునకు సరియైన జోడు ‘బ్రిటిల్’. వంగక విరుగునది పెళుసు. పోత ఇనుము అట్టిది. వజ్రమును వజ్రమే గీయవలె. అయినను సుత్తిదెబ్బకు పగులును. కనుక పెళుసుదనము మెత్తదనము కాదు. ఈ సంగతి తెలుగువారికి క్రొత్త కాదు. కటువుగా బదులిచ్చువానిని పెళుసుగా మాటలాడెననియే అందురు.

ఇక ఫ్రాజైల్. 2013లో ఒక అమెరికా బ్యాంకు విశ్లేషకులు బ్రెజిలు, ఇండోనీషియా, దక్షిణాఫ్రికా, టర్కీలతో భారతదేశమును చేర్చి ‘ఫ్రాజైల్ ఫైవ్’ అనిరి. ఇవి బీదదేశములని వారి భావము కాదు. విదేశధనము ఒక్కసారిగా మరలిపోయినచో తట్టుకొనలేవని. ఇచ్చట ‘బలహీన’మన్నను, ‘పెళుసు’ అన్నను గుఱి తప్పును. ‘భంగురము’ ఉండనే ఉన్నది. దానిని ‘క్షణభంగుర’మను ఒక్క సమాసమున బంధించి, వేదాంతమునకు వదలివేసినారు.

గాజుసామానుల పెట్టెలపై ‘సున్నితము’ అని వ్రాయుట మఱొక వింత. మోయువానికి ‘పగులును’ అన్న చాలును.