ఎవరి డబ్బుతో మన సాయం?

ఏజెన్సీ నుంచి అమీర్‌పేటకు కోచింగ్ కోసం వచ్చే మన పిల్లలకు హాస్టల్ ఫీజు కావాలి. పంజాగుట్ట నిమ్స్‌లో మంచమెక్కిన మనవాళ్ల వెంట వచ్చినవారికి తిండి, తల దాచుకునే చోటు కావాలి. అందుకు మన సంఘాలు చందాలు అడగడం తప్పు కాదు. ఎవరిని అడుగుతున్నామన్నదే మా పేచీ.

గనుల కంపెనీ చెక్కు ఇస్తే తీసుకుందామని మనలోనే కొందరంటున్నారు. డబ్బుకు మచ్చ ఉంటుందా అని అడుగుతున్నారు. ఉంటుంది. కొండను తవ్విన డబ్బుకు ఆ కొండ మట్టి అంటుకునే ఉంటుంది.

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం చెప్పింది. అక్కడ ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజులు చెల్లవని 1997లో సమత తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. గనుల లాభాల్లో కనీసం 20 శాతం స్థానిక విద్య, వైద్యం, రోడ్లకు శాశ్వత నిధిగా పెట్టాలని కూడా అదే తీర్పు అంది. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను అడిగేది 2 శాతమే. ఇరవై హక్కుగా అడగాల్సిన మనం రెండింటికి దండ వేసి ఫోటో దిగుదామా?

ప్రతి సంఘమూ ఈ మూడు మాటలు రాసి పెట్టుకోవాలి. మన భూమి మీద కన్నేసినవారి డబ్బు ముట్టుకోవద్దు. అడక్కుండా మన పిల్లల ఫోటో కరపత్రం మీద వేయొద్దు. వచ్చిన ప్రతి రూపాయి లెక్కా గూడెంలో మన భాషలో చదివి వినిపించాలి.

నెలకు వంద ఇవ్వగల టీచర్లు, ఉద్యోగులు మనలో ఉన్నారు. వంద చిన్నదే. కానీ అది మన నోరు కట్టెయ్యదు.