మంచు మిగిల్చే రాళ్లు

భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టకు జనగామ, మహబూబాబాద్‌ల నుంచీ జనం వస్తుంటారు. రాతిచిత్రాలు చూసి మురిసిపోతారు. బొర్రా గుహల్లోలా రాతి ఊడలు మాత్రం అక్కడ కనిపించవు. ఎందుకంటే, ఆ గుట్ట ఇసుకరాయి. ఊడలు దిగాలంటే సున్నపురాయి ఉండాలి. మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొన్న వాననీరు సున్నాన్ని కరిగిస్తుంది. గుహలో చుక్కగా దిగాక ఆ వాయువు గాలిలో కలిసిపోతుంది, సున్నం పైకప్పుకే అంటుకుపోతుంది.

మరి గడ్డకట్టే చలి గుహల్లో? అక్కడ పద్ధతే వేరు! అమర్‌నాథ్ లింగమైతే వట్టి మంచే, వేసవిలో కరిగిపోతుంది. కానీ సున్నం కలిసిన నీరు గడ్డకడితే, మంచు ఆ సున్నాన్ని బయటకు నెట్టేస్తుంది. మిగిలిన నీరు చిక్కబడి, చివరికి స్ఫటికాలు విడిపోతాయి. బోరు నీళ్ల ఐసు ముక్క కరిగాక గ్లాసు అడుగున కనిపించే తెల్లటి నలుసులు ఇవే. త్వరగా గడ్డకడితే పొడి, మంచు మధ్య మడుగుల్లో నెమ్మదిగా గడ్డకడితే పెద్ద గింజలు.

యూరప్ గుహల్లో దొరికిన ఇలాంటి గింజల వయసును యురేనియం-థోరియం పద్ధతిలో లెక్కగట్టి, అక్కడి నేల ఎప్పుడు గడ్డకట్టి ఉండేదో శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఇప్పుడు చాలా గుహల్లో మంచు తరిగిపోతోంది. కరిగిన నీరే ఆ పొడిని కొట్టుకుపోతోంది.