ఒక్క ఊపిరి పాట – ఒక సందేహం

మైపాడు సముద్రతీరంలో నడుస్తూ 'మాటే రాని చిన్నదాని' పాట చరణాన్ని ఒక్క ఊపిరిలో పాడాలని నేనూ నా మిత్రుడూ పందెం వేసుకున్న సాయంత్రాలు చాలానే ఉన్నాయి. ఓడినవాడు వేయించిన వేరుశనగకాయలు కొనిపెట్టాలి. ఇద్దరం ప్రతిసారీ ఓడేవాళ్ళం. సగం చరణానికే కళ్ళలో నీళ్ళు తిరిగి, గుండె దడదడలాడి, ఇసుకలో కూలబడేవాళ్ళం. చివరికి, "ఆయన ఊపిరితిత్తులు వేరే మట్టితో చేసినవి లేరా" అని సమాధానపడి, చెరిసగం డబ్బులు వేసుకుని శనక్కాయలు తినేవాళ్ళం.

1990లో వచ్చిన తమిళ చిత్రం 'కేళడి కణ్మణి' కోసం ఇళయరాజా కట్టిన బాణీ అది. దాని తెలుగు రూపం 'ఓ పాపా లాలి'. నెల్లూరు వాడైన బాలసుబ్రహ్మణ్యం కథానాయకుడిగా నటించి, పాడిన చిత్రం కనుక మా ఊళ్ళో ఆ పాటకు రెట్టింపు గౌరవం ఉండేది. అయితే ఆ చరణాన్ని తాను నిజంగా ఒక్క దమ్ములో పాడలేదనీ, ముక్కలుగా పాడినదాన్ని స్టూడియోలో అతికించారనీ తర్వాతి కాలంలో బాలూ స్వయంగా, బాహాటంగానే చెప్పారు. ఆ సంగతి తెలిసిన రోజున నా మిత్రుడు ఎంత నొచ్చుకున్నాడో మాటల్లో చెప్పలేను. "మోసం రా ఇది! మన శనక్కాయల డబ్బులు ఎవరిస్తారు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ గొంతులో నిజమైన బాధే ఉంది.

ఇది మోసమేనా? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళుగా వెంటాడుతూ ఉన్నది.

అసలు రికార్డు అనేది ఏనాడు ఉన్నదున్నట్టుగా ఉంది గనుక! 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను కంపెనీకి పాడినప్పుడు, గంటసేపు సాగవలసిన రాగాన్ని మూడు నిమిషాలలో కుదించవలసి వచ్చింది. 1943 నాటి 'భాగ్యలక్ష్మి'లో కమలా కోట్నీస్‌కు రావు బాలసరస్వతీదేవి గొంతు అరువిచ్చారు. తెలుగులో ప్లేబాక్ అక్కడి నుంచే మొదలయిందని సినిమా చరిత్ర రాసినవారు చెబుతారు. ఒకరు పాడితే ఇంకొకరు పెదవులు కదిపే విద్యను ఎనభై ఏళ్ళుగా తప్పనకుండా ఆస్వాదిస్తున్నవాళ్ళం, ఊపిరి తీసిన చోట టేపు కత్తిరిస్తే మాత్రం మోసమని గుండెలు బాదుకోవడం ఏం న్యాయం?

ఇంకాస్త వెనక్కి వెళదాం. మా తీరంలో పెద్దవల లాగేటప్పుడు ఒకడు పదం ఎత్తుకుంటాడు, మిగతావాళ్ళు "హైలెస్సా" అంటూ అందుకుంటారు. ఆ సందులోనే మొదటివాడు ఊపిరి తీసుకుంటాడు. బుర్రకథలో వంతలు "తందాన తాన" అంటున్నప్పుడు కథకుడు చేసేదీ అదే. అంటే పాడేవాడి ఊపిరి విరామాన్ని కప్పిపుచ్చే ఉపాయం స్టూడియోలో పుట్టింది కాదు. పక్కవాడి గొంతు చేసే పనిని సినిమావాళ్ళు 'పంచింగ్' అనే పద్ధతితో చేశారు, అంతే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పంచింగులో అతికించిన ప్రతి ముక్కా గాయకుడు నిజంగా పాడినదే. 1997లో ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఆయన తెచ్చిన ఆటోట్యూన్ సంగతి వేరు. అంతకుముందు ఆయన చమురు వెతికేవారి కోసం భూమిపొరల ప్రకంపనలను విశ్లేషించే పని చేసేవాడు. ఆ గణితంతోనే గొంతులోని అపస్వరాన్ని పట్టి, సరైన స్థానానికి జరిపే సాధనం తయారుచేశాడు. 1998లో షెర్ అనే గాయని 'బిలీవ్' పాటలో దాన్ని దాచకుండా, గొంతు యంత్రంలా పలికేటట్టు వాడింది. వినేవారెవ్వరూ మోసపోలేదు. దాచిపెట్టి వాడినప్పుడే, పాడని స్వరం పాడినట్టు వినబడుతుంది.

నా మేనకోడలి విషయం చెబుతాను. మూడేళ్ళ క్రితం ఒక చిన్న స్టూడియోలో అమ్మవారి పాటలు రెండు రికార్డు చేసింది. రికార్డు చేసినవారు ఆమెకు ఒక్క మాటైనా చెప్పకుండా ప్రతి స్వరాన్నీ సరిచేసి ఇచ్చారు. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. ఆ దసరాకు గుడిలో పాడమంటే పిల్ల రానంది. "మామయ్యా, అందులో ఉన్నంత బాగా నాకు రాదు, అందరికీ తెలిసిపోతుంది" అని ఏడ్చింది. అప్పటిదాకా ఏటా అదే మంటపంలో, మైకు గీపెట్టినా లెక్కచేయకుండా పాడిన పిల్ల!

అప్పుడు నాకు అర్థమైంది. యంత్రం వాడటం తప్పు కాదు. అచ్చయిన పద్యం వెనక కొట్టివేతలు ఉన్నట్టే, రికార్డు వెనక కత్తిరింపులు ఉంటాయి. అది కూర్చిన వస్తువు. కానీ ఆ వస్తువును చూపించి "ఇది ఒక్క ఊపిరి", "ఇది ఉన్నదున్న గొంతు" అని ఎవరైనా చెప్పుకున్నప్పుడు, ఆ మాట అబద్ధమవుతుంది. టిక్కెట్టు కొని వచ్చినవారి ముందు రికార్డు వేసి పెదవులు కదిపితే అది మోసం. పోటీలో పిల్లల గొంతులు సరిచేసి మార్కులు వేస్తే అది ఇంకా పెద్ద మోసం. గాయనికే తెలియకుండా ఆమె గొంతును మార్చడం అన్నిటికంటే క్రూరం. ఎందుకంటే అక్కడ మోసపోయింది శ్రోత ఒక్కడే కాదు.

ఈ కొలతతో చూస్తే నా మటుకు నాకు బాలూ మీద ఫిర్యాదు లేదు. తన మీద అల్లుకున్న ఒక గొప్ప కథను తానే విప్పి చెప్పిన మనిషి ఆయన. చెప్పకపోతే అడిగేవారెవరు? మైకూ లేని రోజులను చూసిన హరికథకుడు సాంబమూర్తిగారి కొడుకు; 1996లో మొదలైన 'పాడుతా తీయగా'లో వాద్యబృందం ఎదుట పిల్లలు పాడుతుంటే, శ్రుతి ఎక్కడ జారిందో అక్కడే, నొప్పించకుండా చెప్పినవాడు. తప్పును యంత్రం చేత చెరిపించకుండా పిల్లల చేతనే దిద్దించారు. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయినప్పుడు మా మిత్రుడు ఫోను చేసి, ఆ శనక్కాయల బాకీ మాఫీ చేశానన్నాడు.

మేనకోడలికి ఈ కథంతా చెప్పి, పోయిన దసరాకు గుడికి తీసుకెళ్ళాను. చరణం మధ్యలో రెండు చోట్ల ఊపిరి తీసుకుంది, ఒకచోట శ్రుతి కాస్త జారింది. ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ ఒకావిడ, పాట అయ్యాక, "ఇంకోటి పాడు తల్లీ" అంది.