నాన్న చామంతి, 39 డాలర్ల పీడీఎఫ్

పోయిన ఆగస్టులో ఒక పొద్దున స్టాండప్ మీటింగ్ మధ్యలో నాన్న ఫోన్. రెండుసార్లు కట్ చేశా, మూడోసారి ఎత్తక తప్పలేదు. “ఆకులు కింది నుంచి నల్లగైతున్నయి బిడ్డా. ఫొటో వెట్టిన, జర జూడు.”

వాట్సాప్ తెరిస్తే మా కనకమామిడి తోటలో చామంతి మొక్క. కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, కొన్ని కలిసిపోయి ఆకు మాడినట్టయింది. పైన మొక్క మాత్రం పచ్చగా అమాయకంగా ఉంది. ఎకరం తోట. దసరాకు గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పోవాల్సిన పూలు. మందుల షాపాయన ఇచ్చింది అప్పటికే రెండుసార్లు కొట్టారు.

సాఫ్ట్‌వేర్ కొడుకు ఉన్న ఇంట్లో ఏ సమస్యకైనా ‘గూగుల్ల జూడు’ అనడం మామూలే కదా. చూశా. అరగంటలో సరిగ్గా చామంతి ఆకుమచ్చ మీదే ఒక పేపర్ దొరికింది. రాసింది మన దేశంలోని ప్రభుత్వ సంస్థ సైంటిస్టులు, నిధులు కేంద్రానివి. సారాంశం ఎనిమిది లైన్లు చదివా. ‘వివరాలు లోపల చర్చించాం’ అన్న చోట అది ఆగిపోయింది. కింద నీలం బటన్: పీడీఎఫ్ కొనండి, 39 డాలర్లు.

అంటే మూడు వేల నాలుగొందల చిల్లర. రేటు పడిపోయిన రోజు చామంతి కిలో ముప్పైకి కూడా అడగరు. ఆ లెక్కన వంద కిలోల పైన పూలు కోసి, మూటలు కట్టి, ఆటోకెక్కిస్తే ఒక పీడీఎఫ్.

కోపం కంటే ముందు నాకు ఆశ్చర్యమేసింది. ఇంజినీరింగ్ చదివినప్పుడు ఇలాంటి బటన్ నాకెప్పుడూ అడ్డం రాలేదు. ప్రాజెక్టుకి కావాల్సిన ఐట్రిపుల్‌ఈ పేపర్లన్నీ కాలేజీ వైఫైలో టకటకా దిగేవి. అవి ఫ్రీ అనుకునేవాణ్ణి. కాలేజీ ఏటా డబ్బు కడుతోందని, పట్టా చేతికిచ్చిన రోజే ఆ తలుపు వేసేస్తారని తెలీదు. చదువుకునేటప్పుడు ఉన్న హక్కు, పన్ను కట్టడం మొదలుపెట్టగానే పోయింది.

ఇది నడిచే పద్ధతి ఒకసారి చూడండి. సైంటిస్టు జీతం ప్రభుత్వానిది. ల్యాబూ, ప్రయోగం చేసిన మడీ ప్రభుత్వానివే. పేపర్ చదివి తప్పొప్పులు చెప్పే రివ్యూయర్లు ఎక్కువగా ఎక్కడో యూనివర్సిటీలో జీతం తీసుకునేవాళ్లే. ఈ పనికి పబ్లిషర్ వాళ్లకు సాధారణంగా పైసా ఇవ్వడు. చివర్లో రచయిత కాపీరైట్ రాసిచ్చేస్తాడు. నేను ఆఫీసులో రాసే కోడ్ కూడా కంపెనీదే, దాంతో నాకు గొడవ లేదు. జీతం ఇచ్చేది వాళ్లే కాబట్టి. ఇక్కడ జీతం మనది, సరుకు వాళ్లది. ఎడిటింగ్, సర్వర్లు, పాత సంచికలు దాచడం ఖర్చే అని పబ్లిషర్లు అంటారు. ఖర్చే, కాదనను. నేనూ సర్వర్ బిల్లులు చూసేవాణ్ణే. ఒక పీడీఎఫ్ పంపడానికి 39 డాలర్లు మాత్రం కావు.

‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా’ అన్నాడు మా టీమ్‌లో ఒకడు. వచ్చింది. 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకు 6,000 కోట్లు. 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు. చిన్న ఊరి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పిల్లలకు కూడా పెద్ద జర్నళ్లు అందుతాయి. మంచి పనే, వెక్కిరించను. కానీ 6,000 కోట్లను 140 కోట్ల మందికి పంచితే తలా 43 రూపాయలు. నాన్నదీ ఉంది అందులో. చదవడానికి లాగిన్ మాత్రం సంస్థల్లో ఉన్న 1.8 కోట్ల మందికే. మా మొయినాబాద్ చుట్టుపక్కల ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు కూడా ఈ మొదటి దశలో లేరు. గోడ పెద్దదైంది, మా ఊరు ఇంకా బయటే ఉంది.

ఇందులో తమాషా ఏంటంటే, మా అమ్మకి ఈ బాధ లేదు. అమ్మ చెల్కలో కంది వేస్తుంది. కంది, జొన్న, శనగ, పల్లి మీద పనిచేసే ఇక్రిశాట్ మాకు దగ్గర్లోనే, పటాన్‌చెరులో ఉంది. 1972లో పుట్టిన సంస్థ, చాలా దేశాల ప్రభుత్వాల, దాతల డబ్బుతో నడుస్తుంది. తమ సైంటిస్టులు రాసిన పేపర్ల కాపీలు అందరికీ కనిపించేలా పెట్టాలని 2009లోనే నియమం పెట్టుకుంది. ఇప్పుడు ఆ సైట్‌లో కంది అని కొడితే ఫోన్‌లోనే ఎన్నో పేపర్లు తెరుచుకుంటాయి. లాగిన్ లేదు, డాలర్లు లేవు. ఒకే ఇల్లు, ఒకే బావి నీళ్లు. అమ్మ పంటకు తలుపు తీసి ఉంది, నాన్న పంటకు తాళం.

తాళం తీయడానికి వేల కోట్లు అక్కర్లేదు. పబ్లిషర్ ముద్ర పడకముందు రచయిత దగ్గర ఫైనల్ కాపీ ఉంటుంది కదా, అది సంస్థ వెబ్‌సైట్‌లో పెడితే చాలు. మన దగ్గర ఈ రూల్ ఉంది కూడా. వ్యవసాయ పరిశోధన మండలి ఐకార్ 2013లోనే ఓపెన్ యాక్సెస్ విధానం తెచ్చింది. కేంద్ర బయోటెక్నాలజీ, సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖలు 2014 డిసెంబర్‌లో తెచ్చాయి. అందరూ పాటించట్లేదు, అంతే. అమెరికాలో మన చుట్టాలు కట్టే పన్నుతో నడిచే ఎన్‌ఐహెచ్ ఏం చేసిందో చూడండి. దాని నిధులతో చేసిన పరిశోధనను ఏడాదిలోపు ఉచితంగా పెట్టాలని 2008 నుంచి రూల్. 2025 జులై 1 నుంచి ఆ ఏడాది గడువు కూడా తీసేసింది, అచ్చయిన రోజే పెట్టాలి.

సరే, ఈలోపు మీకు తాళం తగిలితే? గూగుల్ స్కాలర్‌లో పేపర్ కింద ‘ఆల్ వెర్షన్స్’ నొక్కండి, ఎక్కడో ఒక ఫ్రీ కాపీ ఉండొచ్చు. వ్యవసాయ థీసిస్‌లకు కృషికోశ్, మిగతావాటికి శోధ్‌గంగ ఉన్నాయి. ఎనిమిది పేజీల పేపర్ వెనక రెండొందల పేజీల థీసిస్ ఉచితంగా పడి ఉంటుంది ఒక్కోసారి. అందరికీ తెలిసిన ఇంకో దారిని ఢిల్లీ హైకోర్టు 2025 ఆగస్టులో బ్లాక్ చేయమంది కాబట్టి దాని ఊసు వద్దు.

నేను చేసింది అన్నిటికంటే పాత పని. రచయితకి మెయిల్ రాశా. మా నాన్న రైతు, తోట ఇలా ఉంది అని ఫొటో కూడా పెట్టా. రెండో రోజు పీడీఎఫ్ వచ్చింది, కింద ఒకే లైన్: మచ్చలున్న కింది ఆకులు తీసేశారా?

శనివారం గట్టు మీద కూర్చుని నాన్నకి తెలుగులో చదివి చెప్పా. సగం లెక్కలు, పట్టికలు, నాకే అర్థం కాలేదు. పనికొచ్చినవి కొన్నే. మచ్చలున్న ఆకులు తెంపి తోట బయట పారేయాలి. పైనుంచి పైపుతో నీళ్లు కొట్టకూడదు, చిందిన నీటితోనే రోగం పై ఆకులకు ఎక్కుతుంది. వరుసల మధ్య గాలి ఆడాలి.

నాన్న అంతా విన్నాడు. “గిది జెప్పనీకి మూడు వేలా?”

అప్పటికి నాలుగు సాళ్లు పోయాయి. మిగతా తోట నిలబడింది, దసరాకు పూలు పోయాయి. ఆ పీడీఎఫ్‌ని ఊరి పూల రైతుల గ్రూపులో పెడదామనుకుని ఆగిపోయా, కాపీరైట్ పబ్లిషర్‌ది. నాన్నకా బెంగ లేదు, విన్నదంతా వాయిస్ మెసేజ్ చేసి పెట్టేశాడు. పది నిమిషాల్లో పక్క తోటాయన దగ్గర్నుంచి రిప్లై: “ఇంకేం రాసిండ్రు అండ్ల?”